రెండో కంట్రోలర్

నిన్న పొద్దున కుప్పంలో స్కూల్‌కి బయల్దేరుతుంటే రెడ్డెప్ప తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నకు గుండె ఆగిపోయిందన్నా. ఆస్పత్రికి తీసకపోయేలోపలే అయిపోయింది."

"ఈ ఆదివారం వస్తానని చెప్పినాను కదరా వానికి" అన్నాను.

అదేం మాటో, ఎందుకన్నానో నాకే తెలీదు. ఫోన్ పట్టుకుని అట్లాగే మెట్ల మీద కూర్చుండిపోయాను.

రెడ్డెప్ప మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు నా రూమ్మేట్. పుంగనూరు పాల సెంటర్‌లో పని చేసేవాడు. వయసు ముప్పై నాలుగేళ్లు.

మా ఇద్దరికీ ఒక హారర్ గేమ్ సిరీస్ పిచ్చి. చచ్చినవాళ్లు లేచి మీదికొచ్చే గేమ్. ఇన్నేళ్లుగా పార్ట్ మీద పార్ట్ వస్తూనే ఉంది.

అందులో ఐదు, ఆరు పార్టులంటే చాలామందికి చులకన. భయమే లేదు, ఉత్త కాల్పులే, సిరీస్‌ని నాశనం చేశారు అని ఇప్పటికీ కామెంట్లు పెడుతుంటారు.

పెట్టుకోనీ. వాళ్ల పక్కన రెడ్డెప్ప కూర్చోలేదు పాపం.

ఆ పార్టులు చేతిలో చెరో కంట్రోలర్ పట్టుకుని ఇద్దరు కలిసి ఆడొచ్చు. టీవీలో సగం స్క్రీన్ వాడిది, సగం నాది. ఒకడు దెబ్బ తిని పడిపోతే రెండోవాడు కొన్ని సెకన్లలో పరిగెత్తుకొచ్చి లేపాలి. లేటైతే ఇద్దరికీ గేమ్ ఓవర్.

నేను పడిన ప్రతిసారీ వాడిది ఒకటే మాట. "ఆడే ఉండప్పా, వస్తాండా."

"పడిపోయినోణ్ణి యాడికి పోతానురా" అని తిట్టేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నాలు కిటికీకి దుప్పటి కట్టి రూమ్ చీకటి చేసుకుని ఆడేవాళ్లం. ఒకరోజు వాడు పెట్టిన కేకకు కింద ఇంటి ఓనరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందప్పా? పాము వచ్చిందా?"

"లేదమ్మా, సచ్చినోడు లేసినాడు" అన్నాడు వీడు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

వారం రోజులు ఆమె మేడెక్కలేదు.

ఇంకోసారి, ఐదో పార్ట్‌లో పెద్ద రాక్షసుడు. ఇంకొక్క గుండు తగిలితే చస్తాడు. సరిగ్గా అప్పుడే నేను పడ్డాను. రెడ్డెప్ప కాల్చకుండా వెనక్కి తిరిగి నాకోసం పరిగెత్తాడు. ఇద్దరమూ పోయాం. రెండు గంటల ఆట మట్టి కొట్టుకుపోయింది.

"కాల్చింటే అయిపోయేది కదరా!"

"నువ్వు పడిపోతివి కదప్పా" అన్నాడు. వాడికి అంతకు మించి లెక్క తెలీదు.

ఏడో పార్ట్ నుంచి మళ్లీ ఒక్కడే ఆడే గేమ్ చేశారు. అప్పటికి నేను టీచర్ ఉద్యోగానికి కుప్పం వచ్చేశాను, వాడు పుంగనూరు వెళ్లిపోయాడు.

అయినా కొత్త పార్ట్ ఏదొచ్చినా విడివిడిగా ఆడకూడదని ఒప్పందం. నేను పుంగనూరు వెళ్లేవాణ్ణి. వాడు ఆడుతుంటే నేను పక్కన. అప్పుడు కూడా రెండో కంట్రోలర్ నా చేతిలో పెట్టేవాడు. ఆ గేమ్‌లో దానికి పనే లేదు. ఏ బటన్ నొక్కినా ఏమీ జరగదు.

"యాలరా ఇది నాకు?" అంటే, "ఊరికే పట్టుకోప్పా. నాకు ధైర్యంగా ఉంటాది" అనేవాడు.

ఈమధ్య ఇంకో కొత్త పార్ట్ వచ్చింది. ఐదు ఆదివారాలు వాయిదా వేశాను. ఒకసారి పేపర్లు దిద్దాలి. ఒకసారి ఎవరిదో పెళ్లి. మిగతావన్నీ ఒట్టి బద్ధకమే, దాచడం దేనికి.

"పర్వాలేదులే, నేనూ తెరవలేదు" అన్నాడు ప్రతిసారీ. విసుక్కున్నా బాగుండేది.

నిన్న వి.కోట, పలమనేరు మీదుగా బస్సులో పుంగనూరు వెళ్లాను. వాణ్ణి ఇంటి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు.

చచ్చినవాళ్లు లేవడం వాడితో కలిసి ఎన్ని వందలసార్లు చూశానో. పక్కన కూర్చుని, వీడొక్కడు లేస్తే చాలనుకుంటూ వాడి చేతి వేళ్లనే చూస్తూ ఉన్నాను. కదల్లేదు.

అంతా అయిపోయాక వాళ్లమ్మ నన్ను లోపలికి పిలిచింది. టీవీ కింద కొత్త పార్ట్ డిస్క్. కవర్ సీల్ కూడా తీయలేదు. దాని పక్కన చార్జింగ్ వైర్లకు రెండు కంట్రోలర్లు.

"నువ్వొస్తావని మొన్న సాయంత్రమే రెండూ పెట్టినాడప్పా. ఎవురినీ ముట్టుకోనీలేదు" అంది. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

ఒక్కడే ఆడే ఆటకు రెండు కంట్రోలర్లు.

రెడ్డెప్పా, నేను పడిన ప్రతిసారీ నువ్వు వచ్చావు. ఒక్కసారి నువ్వు పడితే, నేను ఐదు ఆదివారాలు లేటు.

ఇంక ఎవరికోసమూ పరిగెత్తొద్దు. ప్రశాంతంగా పడుకో.

రెండోది నేను పట్టుకునే ఉన్నాను.