పులివెందుల దినాల్లో నేను పెట్టించిన పాట

చావింట్లో తుమ్మినవాళ్ళను చూశాను. గోడకానుకొని గురక పెట్టినవాళ్ళను చూశాను. చెప్పులు మారిపోయాయని శవం పక్కనే తగువుకు దిగిన పెద్దమనిషిని కూడా చూశాను. వీళ్ళందరినీ తక్కెడలో ఒక వైపు వేసి, ఇంకో వైపు నన్నొక్కణ్ణే కూర్చోబెడితే, నా వైపే వెళ్ళి నేలకు తగులుతుంది. ఎందుకంటే దినాలు జరుగుతున్న ఇంట్లో, పోయినాయన పటం ముందర, బంధువులంతా కూర్చొని ఉండగా నేను రాక్ సంగీతం పెట్టించాను. అదీ పొరపాటున వేలు తగిలి కాదు. బాగా ఆలోచించి, నాలుగు మాటలు చెప్పి ఒప్పించి, సౌండు పెంచమని కూడా చెప్పి పెట్టించాను. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. కాకపోతే కాస్త మెల్లగా నవ్వండి, పోయినాయన మంచివాడు.

మాది ప్రొద్దుటూరు. నాన్నకు బట్టల అంగడి. బంగారం గురించి, సినిమాల గురించి మాట్లాడాలంటే మా వీధిలో ఎవరైనా దొరుకుతారు. రాక్ సంగీతం గురించి మాట్లాడాలంటే మాత్రం నాకు ఇద్దరే ఉన్నారు. ఒకడు జమ్మలమడుగు బాషా, మోటారు సైకిళ్ళ మెకానిక్కు. వాళ్ళన్న కువైట్ నుంచి పంపిన హెడ్‌ఫోను తలకు తగిలించుకోకుండా ఒక్క నట్టు కూడా విప్పడు. ఇంకొకడు పులివెందుల సూరి. వాళ్ళకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, కొట్టంలో పాలిచ్చే ఎనుములు ఉన్నాయి. కాలేజీ రోజుల్లో ముగ్గురం ఒకే గదిలో ఉండి, ఒకే స్పీకరుతో పక్కగది వాళ్ళ శాపాలు తిన్నవాళ్ళం. చదువులయ్యాక ఎవరి ఊరికి వాళ్ళం చేరినా, ప్రతి డిసెంబరులో ఒకచోట కలిసి, ఆ ఏడాది వచ్చిన కొత్త రాక్ ఆల్బముల్లో ఎవరికేది నచ్చిందో చెప్పుకొనేవాళ్ళం. ఒకటే నియమం: పాతవాటి ఊసెత్తకూడదు. నేనైతే ఆ నియమాన్ని ఏడాది పొడవునా పాటించేవాణ్ణి. పాత పాట పొరపాటున చెవిన పడినా స్నానం చేసేంత నిష్ఠ నాది.

నేను చెప్పే ఏడాది నాకు అన్నీ అడ్డం తిరిగాయి. బ్యాంకు పరీక్షకని కూర్చున్నాను. కోచింగు సారు పాఠాలు ఫోన్లో దించుకొని వినేవాణ్ణి. ఆయన మాట్లాడుతుంటే వెనకాల ఎవరో కర్ర పట్టుకొని తరుముతున్నట్టుండేది. అందుకని ప్లేయరులో వేగం బాగా తగ్గించి పెట్టుకున్నాను. పాటలు వినేదీ ఆ ప్లేయరులోనే. ఈ సంగతి మీరు మరచిపోకండి. నేను మరచిపోయాను.

పరీక్ష పోయింది. నాన్న తిడతాడని అంగడి మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. ఆయన మీటరు కర్ర నా చేతికిచ్చి, గల్లా వైపు జరిగి, నాకు చోటిచ్చాడు. తిట్టి ఉంటేనే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజు నుంచి పాఠాలు మానేశాను, పాటలే వినసాగాను. పగలంతా పాలిస్టరు గుడ్డ కొలుస్తూ, చెవిలో ప్రపంచంలోని కొత్త రాక్ అంతా వింటూ ఉంటే, నాకొక గొప్ప సత్యం బోధపడింది. ఆ ఏడాది ఎవరి ఆల్బం విన్నా ఏడుపే. స్వీడన్ వాళ్ళు ఏడుస్తున్నారు, అమెరికా వాళ్ళు ఏడుస్తున్నారు. గిటార్లు మూలుగుతున్నాయి. పాడేవాళ్ళు పాడుబడ్డ బావిలో పడి, పైకి లాగమని అడిగే ఓపిక కూడా లేనట్టున్నారు. నా బాధ ప్రపంచమంతటికీ పాకిందనుకున్నాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఒక రోజు బాషా ఫోన్ చేశాడు.

"మామా, ఆ స్వీడనోళ్ళది యిన్యావా? డ్రమ్ములు ఎట్టుండాయి? బండి టాపు గేర్లో పోతాండట్టు లేదూ?"

"టాపు గేరా? పెట్రోలు అయిపోయిన బండిని తోసుకుంటా పోయినట్టుండాది బాషా. అది గూడా శ్మశానానికి."

అవతల నట్లు విప్పే చప్పుడు ఆగిపోయింది.

"అంత లోతుగా నేను యినలేదులే మామా," అన్నాడు.

వాడి గొంతులో భక్తి వినిపించింది. అక్కణ్ణుంచి నన్ను పట్టేవాళ్ళు లేరు. వాడు ఏది బాగుందన్నా నేను అందులో చావును చూపించేవాణ్ణి. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఐర్లండు కుర్రాళ్ళ ఆల్బం ఒకటి. పేరు చెప్పను, పాపం వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. మొదటి పాట వింటుంటే ఊరంతా ఒకే పాడె మోస్తున్నట్టుండేది. ఈ ఏడాదికి ఇదేనని తీర్మానించుకున్నాను. ఆ డిసెంబరులో కలవాల్సింది పులివెందుల సూరి ఇంట్లో.

డిసెంబరు మొదట్లో సూరి వాళ్ళ నాయన పోయాడు. తోటకు నీళ్ళు కట్టడానికి పోయి, మోటరు వేసి, గట్టు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. నీళ్ళు పక్క చేనులోకి పారుతుంటే ఆ చేనాయన అరుచుకుంటూ వచ్చి చూశాడట.

మట్టి చేసే రోజు నేనూ బాషా వెళ్ళాం. సూరి ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, నీళ్ళ సీసాలు అందించాడు, మమ్మల్ని చూసి "అన్నం తిన్యారా?" అని అడిగాడు. వాడి ముఖం చూస్తే తాళం వేసిన అంగడిలా ఉంది. తర్వాత మేం పంపే మెసేజీలు చూసేవాడు గానీ బదులిచ్చేవాడు కాదు. నాకు తోచిన సాయం నేను చేశాను. ఆ ఐర్లండు ఆల్బం పంపి, కింద ఇలా రాశాను: "సూరీ, ఇది విను. నీ బదులు ఇది ఏడుస్తుంది." బాషాకూ పంపాను. సూరి తెరవనే లేదు. బాషా విన్నాడు, కానీ ఏమీ అనలేదు.

దినాల రోజు తెల్లారేసరికే ముసురు పట్టింది. నేను బస్సులో ముద్దనూరు చేరి, అక్కణ్ణుంచి బాషా బండెక్కాను. పులివెందుల చేరేసరికి ఇద్దరం తడిసిన కోళ్ళలా ఉన్నాం. సూరి ఇంటి ముందర షామియానా వేశారు. దాని కింద పటం, పటానికి దండ, రెండు వైపులా రెండు సౌండు బాక్సులు. పూజ అయింది, భోజనాలయ్యాయి. అందరూ కుర్చీల్లో కూర్చొని వాన చూస్తున్నారు. సూరి మాత్రం ఖాళీ గ్లాసులు ఏరుతున్నాడు.

సూరి చిన్నాయన లేచాడు. బుర్ర మీసాల మనిషి, మెల్లగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది.

"భజనోళ్ళ బండి వానకు దారిలో నిలబడిపోయిందంట. మైకు సెట్టు తెచ్చి పెట్టి ఇంతమంది నోరు మూసుకోని కూచ్చుంటే ఏం బాగుంటాది? ఎవురన్నా ఏదన్నా పెట్టండప్పా."

ఎవరూ కదల్లేదు. పాఠకులారా, ఆ క్షణంలో నాకు కాలు తిమ్మిరెక్కి ఉన్నా, దగ్గు వచ్చి ఉన్నా ఈ కథ ఉండేది కాదు. నేను చక్కగా లేచి నిలబడ్డాను.

"చిన్నాయనా, నా దగ్గర ఒకటుండాది. ఇంగ్లీషుది. మాటలు అర్థం గావు గానీ దుఃఖం అర్థమైతాది."

"చర్చీలో పాడేదా?"

"అట్లాంటిదే అనుకోండి."

"యా దేవుడైతే ఏముండాదిలే. పెట్టు."

సూరి వైపు చూశాను. "నీ ఇష్టం మామా," అన్నాడు, గ్లాసుల మీద నుంచి చూపు తిప్పకుండానే.

సౌండు సెట్టు వైరు నా ఫోనుకు పట్టలేదు. బాషా ఫోనుకు పట్టింది. బాషా ఫోను పట్టుకొని నా చెవి దగ్గరకొచ్చాడు.

"మామా, నువ్వు పంపినావే, అదేనా?"

"అదే. మొదటి పాట పెట్టు. అన్నిటికంటే బరువైంది అదే."

"బరువా?" వాడు కుర్చీల వైపు చూశాడు. "పెద్దోళ్ళుండారు మామా ఈడ."

"పెద్దోళ్ళకే దాని విలువ తెలుస్తాది. సౌండు బాగా పెంచు. ఎనకాల కూచ్చున్నోళ్ళక్కూడా అందాల."

కొత్త బండి తెచ్చి బ్రేకులు పీకేయమని అడిగిన వాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు బాషా. ఐనా వాడికి నా చెవుల మీద నమ్మకం. నొక్కాడు.

నేను పటం ముందర చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకొని, తల వంచుకొని నిలబడ్డాను. ముందుగా చప్పట్లు వినిపించాయి. దినాల్లో చప్పట్లు కొట్టే మూర్ఖుడెవడా అని కళ్ళు తెరిచాను. చప్పట్లు బాక్సుల్లోంచి వస్తున్నాయి. వాటి మీద ఈలలు. ఈలల మీద డ్రమ్ములు, కొండ మీద నుంచి కుండలు దొర్లించినట్టు. ఆ పైన ఎవడో కుర్రాడు, లాటరీ తగిలినవాడిలా, "హే! హే! హే!" అని ఎగురుతూ పాడటం మొదలుపెట్టాడు.

రెండు జడల చిన్నపిల్ల ఒకతి కుర్చీ దిగి గంతులు వేయసాగింది. బాక్సు అదురుకు పటం మీది దండ కూడా ఊగుతోంది. పెద్దాయన లోపల తాళం వేస్తున్నాడా అన్నట్టుంది.

"ఆపరా! ఏం పెట్టినావురా?" అని అరిచాను.

"నువ్వు చెప్పిందే మామా!"

"ఇది గాదు!"

"ఇదే! పేరు జూడు!"

బాషా తడబడుతూ వైరు పీకాడు. చిన్నాయన నా ముందరకు వచ్చి నిలబడ్డాడు. మీసాలు వణుకుతున్నాయి.

"మా యన్న పోతే నీకు సంబరంగా ఉండాదా? యా ఊరప్పా నీది?"

"ప్రొద్దుటూరు."

"ప్రొద్దుటూర్లో దినాలు ఇట్నే జేస్తారా?"

"లేదు చిన్నాయనా, అసలు పాట ఇది గాదు. శానా ఏడుపు పాట. కావాలంటే యినండి!"

పరువు పోతున్న మనిషికి బుద్ధి ముందే పోతుంది. నా ఫోను తీసి, అదే పాట పెట్టి, పక్కనున్న మైకుకు ఆనించాను. షామియానా అంతా నా ఏడాది మొత్తం వినిపించింది. చప్పట్లు దబ్బు... దబ్బుమని పడ్డాయి. ఈల దయ్యం కూతలా సాగింది. "హే" అన్నది "హేఏఏఓఓఓ" అని నేలలోంచి లేచి, మళ్ళీ నేలలోకే కుంగింది.

బాషా నా ఫోను మీదికి వంగి, ఇంజను చప్పుడు వినేవాడిలా చెవి పెట్టి, తర్వాత తెర మీద వేలు పెట్టాడు.

"మామా, దీంట్లో స్పీడు తగ్గించిండాది. ఎప్పట్నుంచి?"

కోచింగు సారు కళ్ళ ముందర కనిపించాడు.

దువ్వూరు నుంచి వచ్చిన సూరి మేనత్త, చెవి సరిగా వినబడని ముసలామె, ముందు వరసలోంచి ఆదుర్దాగా లేచింది.

"ఏందిరా సూరీ, ఎనుము ఈనలేక అవస్థ పడతాండట్టుండాదే! ఎవురన్నా పోయి చూడండ్రా!"

సూరి చేతిలోని గ్లాసులు కిందపడ్డాయి. ముందు ముక్కుతో ఏదో చప్పుడు చేశాడు. తర్వాత నవ్వాడు. కడుపు పట్టుకొని, కుర్చీ మీద చేయి ఆనించి నవ్వాడు.

"అత్తా," అన్నాడు, "నాయనుంటే ఈ పాటికి కొట్టంకాడికి ఉరికింటాడు."

ఆ మాట పూర్తయ్యేసరికి వాడి నోరు వంకర పోయింది. నవ్వుతున్న గొంతే ఎక్కడో విరిగి ఇంకోలా మారింది. సూరి అక్కడే నేల మీద, గ్లాసుల మధ్య కూలబడి, "నాయనా, నాయనా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చి వాడి తల ఒళ్ళోకి తీసుకుంది. "ఏడువు నాయనా, ఏడువు," అంది. చిన్నాయన నన్ను తిట్టడానికి ఎత్తిన చేయి దించి, కుర్చీలో కూర్చొని, తువ్వాలతో ముఖం కప్పుకొన్నాడు. నేను మాత్రం మైకు ముందర అలాగే నిలబడి ఉన్నాను. పాట మూలుగుతూనే ఉంది. ఆపాలన్న తెలివి నాకు లేదు. బాషానే వచ్చి ఆపాడు.

తిరిగి వచ్చేటప్పుడు బాషా నన్ను ముద్దనూరు దాకా తెచ్చాడు. బస్టాండులో బండి దిగి అడిగాను.

"ఆ పాట యిని గూడా నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వంతగా చెప్తే, నాకే చెవుల్లేవేమో అనుకున్యా మామా. అందులో ఏడుపు యాడుండాదా అని అంగట్లో కూచ్చోని మళ్ళా మళ్ళా యిన్యా." తడిసిన తల తుడుచుకున్నాడు. "నిన్న రవ్వంత కనబడినట్టే ఉణ్ణింది గూడా."

వాడు వేళాకోళానికి అన్న మాట కాదు. అందుకే చిన్నాయన తిట్టుకంటే అది గట్టిగా తగిలింది.

మర్నాడు అంగడిలో కూర్చొని, ఆ ఏడాది ఆల్బములన్నీ అసలు వేగంతో మొదటినుంచీ విన్నాను. స్వీడన్ వాళ్ళు నిజంగానే టాపు గేరులో ఉన్నారు. అమెరికా వాళ్ళలో ఎవరికీ ఏ బాధా లేదు. ప్రపంచమంతా హాయిగా గంతులు వేసిన ఏడాదంతా నేనొక్కణ్ణే పాడె మోశాను. ఐర్లండు ఆల్బం ఎలా ఉందంటారా? నాకు అస్సలు నచ్చలేదు.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున సూరి చిన్నాయన నుంచి ఫోన్ వచ్చింది. లేచి నిలబడి మాట్లాడాను.

"ఏమప్పా ప్రొద్దుటూరు, ఆరోజు మా మనవరాలు గంతులేసిందే, ఆ పాట రవ్వ పంపు. అన్నం తినకుండా అదే కావాలంటాండాది." ఫోన్ పెట్టేయబోతూ అన్నాడు: "ఎనుముది పంపొద్దు."

కాబట్టి, మీ అందరి సాక్షిగా, మా అంగడిలోని మీటరు కర్ర పట్టుకొని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లో ఎవరు పోయినా వెళతాను, కాళ్ళు కడుక్కుంటాను, వెనక వరసలో కూర్చుంటాను, ఫోను ఇంట్లోనే వదిలి వస్తాను. "ఎవురన్నా ఏదన్నా పెట్టండప్పా" అని మళ్ళీ ఎవరైనా అడిగితే మాత్రం వెంటనే లేస్తాను. లేచి, విస్తళ్ళలో అన్నం పెడతాను.