నాయుడు గారిని చంపింది మైనా కాదు

ఎత్తిరాజులు నాయుడు గారు దివంగతులయ్యారన్న వార్త నాకు తిరుత్తణిలో, ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుండగా అందింది. తెచ్చినవాడు మా బడి అటెండరు. వాకిట్లో నిలబడి, "టీచరమ్మా, మీకు గుర్రం నేర్పిచ్చిన తామరైపాక్కం నాయుడు లేడా, ఆయన్ని గుర్రం తన్ని చంపేసినాదంట" అన్నాడు. నిజం చెబుతున్నాను, కన్నీళ్ళ కంటే ముందు కోపం వచ్చింది. తన్ని చంపడమేమిటి? నలభై ఏళ్ళు గుర్రాల వెనక్కాళ్ళ దగ్గర కూర్చుని నాడాలు చూసిన మనిషిని గుర్రం తన్నడమేమిటి? ఆ మాట పుట్టించిన నోరు ఎవరిదో గానీ, ఈ వ్యాసం ఆ నోటికి నా జవాబు.

జరిగినది ఇది. ఆ ఉదయం ఆయన ఎప్పటిలాగే మైనా అనే నల్లటి ఆడగుర్రాన్ని తాడు పట్టుకుని తమ పొలంలో నడిపిస్తున్నారు. గుండెలో నొప్పి వచ్చి కంచెకు ఆనుకుని కూర్చున్నారు. కూర్చున్నవారు మరి లేవలేదు. చూసిన డాక్టరు గుండె ఆగిందని స్పష్టంగా చెప్పాడు. ఒంటి మీద గీత కూడా లేదు. తాడు ఆయన చేతిలోంచి జారి నేల మీద పడింది. తాడు నేలను తాకితే ఉన్నచోటనే నిలబడాలని మైనాకు ఆయనే ఆరు నెలలు శ్రమపడి నేర్పారు. అది నిలబడింది. ఎండ ఎక్కేదాకా, మనుషులు వచ్చేదాకా ఆయన పక్కనే నిలబడింది. వచ్చినవాళ్ళు ఏమన్నారో తెలుసా? "చంపేసి కావలి కాస్తా ఉండాది చూడు!" అన్నారు. మట్టిపెళ్ళలు విసిరారు. రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ వచ్చి అక్కడే నిలబడిందట. గురువు నేర్పిన పాఠం తప్పకుండా పాటించడం కూడా దాని నేరాల్లో చేరిపోయింది.

మర్నాడు ఒక తమిళ సాయంకాల పత్రిక, గుర్రం తన్ని గుర్రాల కాపలావాడు మృతి అని నాలుగు వాక్యాలు వేసింది. కాపలావాడట! సైన్యంలో అశ్వదళంలో ఇరవై ఏళ్ళు పనిచేసి, దఫేదారుగా విరమించి, ఈ జిల్లాలో అడిగినవారికల్లా అశ్వారోహణ విద్య, లంఘన విద్య నేర్పిన ఆచార్యుడికి దక్కిన గౌరవం అది. ఇక ఊళ్ళోవాళ్ళకు పత్రిక కూడా అక్కర్లేదు. మైనాకు ఎడమ కంటి కింద ఒక సుడి ఉంది. కంటి కింద సుడి ఉన్న గుర్రం యజమాని ఇంట ఏడుపు పెట్టిస్తుందని గుర్రాల బేరగాళ్ళు తరతరాలుగా చెప్పే మాట. అంతే, తీర్పు అయిపోయింది. డాక్టరు చదివిన చదువు కంటే చర్మం మీద నాలుగు వెంట్రుకలు తిరిగిన తీరు గొప్పదైపోయింది.

నాయుడు గారు జీవితమంతా కొన్నవి ఇటువంటి గుర్రాలనే. సుడి చెడ్డదని, బెదురుదని సంతలో విడిగా కట్టేసినవి ఆయన కంట పడితే ఇక ఆగేవారు కాదు. మా నాన్నకు తిరువళ్ళూరులో కిరాణా అంగడి ఉండేది. నాయుడు గారు గుర్రాలకు ఉలవలు అక్కడే తీసుకునేవారు. ఒకనాడు నాన్న ఉండబట్టలేక, "ఏం నాయుడూ, మంచి సుడి గుర్రం ఒక్కటైనా నీకు దొరకలేదా?" అన్నారు. ఆయన తలపాగా తీసి, తల వంచి చూపించారు. "శెట్టిగారూ, నా నెత్తిన రొండు సుళ్ళు ఉండాయి, చూడండి. రొండు పెండ్లిళ్ళు అయితాయని పుట్టినప్పుడే చెప్పినారు. ఒకదానికే నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇంగ సుడి మాట నా దగ్గర ఎత్తొద్దు." నాన్న నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వు చల్లారకముందే, నాకూ నేర్పిస్తారా అని అడిగేశాను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. లోపలినుంచి మా అవ్వ, "తక్కెడ పట్టే ఇంట్లో కళ్ళెం పట్టే పిల్ల యాడ పుట్టిందిరా నాయనా!" అని గుండెలు బాదుకుంది. నాన్న మాత్రం ఎందుకో సరేనన్నారు.

అప్పుడు ఆయన లాయం మా ఊరి పక్కనే, మణవాళనగర్ చివర, ఇళ్ళు పడని మైదానంలో ఉండేది. తమిళంలో అయ్యవారిని పిలిచినట్టే మేమంతా ఆయన్ని వాత్యారు అనేవాళ్ళం. అన్నయ్య ప్యాంటు తొడుక్కుని ఎంతో దర్పంగా వెళ్ళిన నాకు పది రోజుల పాటు జీను కూడా చూపించలేదు. చేతికి తాడు ఇచ్చి గుర్రాన్ని రైల్వే గేటు దాకా నడిపించుకు రమ్మన్నారు. తిరిగొచ్చాక ప్రశ్నలు. దారిలో అది యాడ యాడ చెవులు నిక్కించింది? ఆరేసిన చీర దగ్గరా, నీళ్ళ గుంట దగ్గరా, గొడుగు విప్పిన ముసలామె దగ్గరా? నేను చెప్పలేకపోతే మళ్ళీ నడక. విసిగిపోయి, "ఎప్పుడు ఎక్కిస్తారు వాత్యారూ?" అంటే, "ముందు గుర్రం మాదిరి బెదరను నేర్చుకో పాపా. దానికి యాడ బయమో నీకు తెలిస్తే, నువ్వు ఎక్కినట్టే లెక్క" అన్నారు.

గడ దూకించడం నేర్పిన రోజు మరీ ముచ్చట. రెండు కొయ్యల మీద ఒక సవుకు గడ అడ్డంగా పెట్టారు, మోకాలెత్తు కూడా లేదు. నాకు మాత్రం అది తిరుత్తణి కొండంత కనిపించింది. భయంతో పగ్గాలు బిగించి లాగాను. "లాగొద్దు పాపా! అది గుర్రం నోరు, బాయి చేంతాడు గాదు. జూలు పట్టుకో, సిగ్గేంది? గడను చూడొద్దు, గడను చూస్తే గడ మీదనే పడతావు. ఆ పక్క కంచె చూడు!" కంచెను చూశాను. గుర్రం దూకింది. నేను దాని మెడను కావలించుకుని ఆ పక్క తేలాను. మెచ్చుకుంటారేమోనని వెనక్కి తిరిగితే, వాత్యారు చేతులు కట్టుకుని నిలబడి, "రొండో పక్క!" అన్నారు. అటు నుంచి ఇటు కూడా దూకితేనే ఒక గడ దూకినట్టు. నేను ఆయన దగ్గర దూకిన ప్రతి గడ తర్వాతా ఆ కేక విన్నాను.

దాని అర్థం నాకు బోధపడింది మాత్రం తిరుత్తణి దారిలో. ఏటా ఆడి కృత్తిక తిరునాళ్ళకు ఆయన ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని కొండకు నడిచి వెళ్ళేవారు. కావళ్ళు, నెమలి పింఛాలు, డప్పులు ఉన్న ఆ జనసముద్రంలోకి బెదురు గుర్రాన్నా? అందుకే పదిహేను రోజుల ముందు నుంచి లాయంలో నెమలి పింఛాలు వేలాడదీసి, దాణా పెట్టేటప్పుడల్లా డప్పు వాయించేవారు. ఆ ఏడు గుర్రమెక్కి నేనూ వెళ్ళాను. పోయేటప్పుడు గుర్రం ఒక చలివేంద్రం పందిరి పక్కనుంచి చక్కగా నడిచిపోయింది. వచ్చేటప్పుడు అదే పందిరి దగ్గర ముందుకాళ్ళు ఎత్తేసింది. జనం గేలి చేశారు. నాకు సిగ్గూ కోపమూ ముంచుకొచ్చి బెత్తంతో ఒక్కటి కొట్టాను. వాత్యారు నన్ను దిగమన్నారు. "పొయ్యేటప్పుడు ఏ కంటితో చూసినాది?" అని అడిగారు. ఎడమ కంటితో. "ఇప్పుడు?" కుడి కంటితో. "ఆ కంటికి ఇది కొత్త పందిరే గదా. ఒక కన్ను చూసింది రొండో కంటికి చెప్పదు పాపా, గుర్రానికి. దానికీ చూపియ్యాల." ఆ రోజు ఆయన ముఖంలో కోపం లేదు. అందుకే నేను ఇంటికి చేరేదాకా ఏడ్చాను.

మనుషుల విషయంలో మాత్రం ఆయనకు కోపం రాకపోలేదు. పట్టాభిరామ్ ఊరి నుంచి ఒక డబ్బున్న ముదలాళి కొడుకు కారులో వచ్చి నేర్చుకునేవాడు, పాతికేళ్ళవాడు. గడ ముందు గుర్రం ఆగిపోయిందని దాన్ని ముఖం మీద కొట్టాడు. వాత్యారు ఆ బెత్తం లాక్కుని విరిచేశారు. "గుర్రానికి బయమేసింది, నీకు కోపమొచ్చింది. బయపడినదాన్ని కొట్టేది యా ఊరి వీరమప్పా?" అన్నారు. ఆ తండ్రి వచ్చి, పోనీ క్షమాపణ చెబుతాడులే అంటే, "గుర్రానికి చెప్పమనండి" అన్నారు. పెద్దమనిషి అది మరిచిపోలేదు. ఏడాది తిరగకుండా ఆ మైదానం పక్కన కొత్త ఇళ్ళు లేచాయి, ఆ కాపురాలవాళ్ళ చేత ఆ ముదలాళే పేడ కంపని అర్జీలు పెట్టించారు, లాయం ఎత్తించారు. అప్పటిదాకా తమ పిల్లల్ని గుర్రమెక్కించి ఫొటోలు తీయించుకున్నవాళ్ళే ఆ అర్జీ మీద సంతకాలు చేశారు! ఆయన ఒక్క మాట అనకుండా గుర్రాలను తోలుకుని తామరైపాక్కంలో, కుశస్థలి ఏటి ఒడ్డున ఉన్న తమ పొలానికి వెళ్ళిపోయారు. మా నాన్న అంగడి మూసి వెళ్ళి లాయం రేకులు బండికెత్తించారు. ఇంకెవరూ రాలేదు.

ఇక పెద్దకర్మ నాటి సంగతి. నేను తామరైపాక్కం వెళ్ళేసరికి పొలం గేటు దగ్గర లారీ ఆగి ఉంది. మైనా మెడకు కొత్త తాడు వేసి ఒక బేరగాడు నిలబడి ఉన్నాడు. వాత్యారు కొడుకు మునిరత్నం అన్న పక్కనే ఉన్నాడు. గుర్రాలంటే చిన్నప్పటి నుంచీ అన్నకు భయం.

"అన్నా, ఆ తాడేంది?" అన్నాను.

"నువ్వు మద్యలో రావద్దు టీచరమ్మా. మా నాయనను తినేసిన గుర్రం ఇది. ఇంట్లో పిల్లలుండారు."

"తినేసిందా? డాక్టరు ఏం చెప్పినాడు నీకు?"

"డాక్టరికి సుడి సంగతి ఏం తెలుసు?"

"సరే, లారీ యాడికి పోతాది?"

బేరగాడే అన్నాడు, "కంటి కింద సుడి ఉండేదాన్ని ఎవురమ్మా కొంటారు? కసాయికే."

నా నోరు ఊరుకోలేదు. తండ్రికి పిండం పెట్టిన చేత్తోనే ఆయన శిష్యురాల్ని కసాయికి ఇస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అంతా విని మునిరత్నం అన్న ఒకే ఒక మాట అన్నాడు. "ఇంత మాట్లాడతావే, రొండు నెలల కింద మా నాయన నిన్ను దీని మీద ఎక్కమంటే ఎందుకు ఎక్కలేదు?"

అందరూ నా వైపు చూశారు. ఆ మాట నిజం. రెండు నెలల కిందట చూడ్డానికి వెళ్ళినప్పుడు, వాత్యారు పొలంలో గడ కట్టి ఉంచారు. "నాకు మోకాళ్ళు పోయినాయి మ్మా. ఈ ఊర్లో ఎవురూ ఎక్కరు. నువ్వు ఒకసారి దూకిస్తే దీని బయం తీరుతాది, ఊరి బయమూ తీరుతాది" అన్నారు. నేను ఆ సుడి చూశాను. ఇంట్లో చంటిబిడ్డ ఉందన్న సంగతి గుర్తొచ్చింది. నేను చూడ్డం ఆయన చూశారు. బొటనవేలితో ఆ సుడిని కప్పి, "ఇప్పుడు కనబడదు గదా. ఎక్కు మ్మా" అన్నారు. బస్సుకు టైమయింది, వచ్చే ఆదివారం వస్తానన్నాను. బస్సుకు ఇంకా గంట ఉంది. "సరే, గడ ఈడనే ఉంటాది లే" అన్నారు. ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. ఊరిని ఇంతసేపు తిట్టాను కదా, ఆ తిట్లలో నా వాటా నాకు రావాలి. బేరగాళ్ళు చదువులేనివాళ్ళు. నేను పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

"నిజమే అన్నా, ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుతాను" అన్నాను.

"ఎక్కి మా నాయన కట్టిన ఆ గడ దూకించు. పడకుండా వస్తే మైనా ఈడనే ఉంటాది" అన్నాడు, నేను వెనక్కి తగ్గుతాననే ధీమాతో.

చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపాను. వెంటనే ఎక్కలేదు. కర్మ కోసం వేసిన తెల్లగుడ్డ పందిరి గాలికి కొట్టుకుంటోంది, మైనా దాన్ని చూసి వణుకుతోంది. తాడు పట్టుకుని పందిరి చుట్టూ ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి నెమ్మదిగా నడిపించాను. బేరగాడు పకపకా నవ్వాడు. నవ్వనీ. జీను వేసి ఎక్కాను. పన్నెండేళ్ళ కిందటిలాగే పగ్గాలు బిగించి లాగబోయాను. పగ్గాలు వదులు చేశాను, జూలు పట్టుకున్నాను. గడను చూడలేదు, కంచె చూశాను. ఆయన ఆనుకుని కూర్చున్న కంచె.

మైనా దూకింది. గడకు గిట్ట కూడా తగల్లేదు.

మునిరత్నం అన్న కొత్త తాడును చుట్టచుట్టి బేరగాడి చేతిలో పెట్టడం కంటి చివర నుంచి చూశాను. గెలిచాను. అయినా గుర్రాన్ని కంచె దగ్గర ఆపి, ఆ చివర అలాగే కూర్చుండిపోయాను. ఎందుకు ఆగానో నాకే కాసేపు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఆ కేక కోసం ఆగాను. ఈ నేల మీద ఇక ఆ కేక వేసే మనిషి లేడు. ఆయన పోయిన పదహారు రోజుల్లో నాకు ఆ సంగతి నిజంగా తెలిసింది ఆ క్షణంలోనే.

కళ్ళు తుడుచుకుని, ఆ ఊరంతా వినేట్టు నేనే అరిచాను, "రొండో పక్క!" అరిచి, మైనాను తిప్పాను.