అమ్మ వాటా నూనె

జగ్గయ్యపేటలో మా వంటింట్లో రెండు నూనెలుండేవి. నాన్నకీ అన్నయ్యకీ నాకూ గానుగాడించిన వేరుశనగ నూనె. అమ్మకు స్టీలు గిన్నెలోది. గారెలో అప్పడాలో వేయించాక మూకుట్లో మిగిలినదాన్ని గుడ్డలో వడకట్టి అందులో పోసేది. పాతది అయిపోకుండానే దానిమీద మళ్ళీ మిగులు చేరేది. మూత తీస్తే ముక్కిన వాసన గుప్పుమనేది. మేం తినేసరికి కూరగిన్నె ఖాళీ అయ్యేది కదా, అమ్మ కందిపొడిలో ఆ నూనె పోసుకుని అన్నం కలుపుకునేది.

"పారబొయ్యడానికి చేతులెలా వస్తాయే? మీ నాయనమ్మా ఇలాగే తినేది," అనేది. ఒకసారి నేను పారబోస్తే ఆ పూట అన్నమే ముట్టలేదు.

తర్వాత్తర్వాత కడుపులో మంట, నీరసం మొదలయ్యాయి. నాన్న బలానికని విటమిన్ మాత్రలు తెచ్చి పడేసేవారు. పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకుంటున్నారో వచ్చినవాళ్ళందరికీ ఆ డబ్బాలు చూపించి మరీ చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఈమధ్య అమ్మ కుడి డొక్కలో నొప్పితో మెలికలు తిరిగిపోతే నందిగామ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చెయ్యాలంది. ఇంట్లో ఏ నూనె వాడతారని అడిగింది.

"గానుగదేనండి, ఫస్ట్ క్వాలిటీ. నేనే దగ్గరుండి ఆడిస్తా," అన్నారు నాన్న, విటమిన్ డబ్బాలు ఆవిడ బల్లమీద పెడుతూ.

అమ్మ నేలచూపులు చూస్తోంది. "అది మాకండి. అమ్మ తినేది కాగి మిగిలిన పాత నూనె," అన్నాను.

"ముక్కిన నూనె ఒంట్లో విటమిన్లని కూడా తినేస్తుందమ్మా. జబ్బంతా దానివల్లేనని చెప్పలేను గానీ, అది తింటూ ఈ మాత్రలు మింగి ఏం లాభం? ఆపరేషనయ్యేదాకా అసలు నూనె చుక్క తగలకూడదు," అందావిడ.

నాన్న అమ్మవైపు తిరిగి, "నిన్నెవరు తినమన్నారే?" అన్నారు.

నిజమే, ఎవరూ తినమనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ కంచంలో ఏముందో ఆయన ఒక్కనాడూ చూడలేదు, అంతే.

తిరిగొస్తూ గానుగ దగ్గర కారాపి, డబ్బా నిండా తాజా నూనె పట్టించారు. "ఇకనుంచి నువ్వూ ఇదే వాడు. నీకోసమే," అన్నారు. డాక్టరమ్మ మాట ఆయన చెవికెక్కితేగా! అమ్మ మాత్రం పొంగిపోయింది.

ఆదివారం ఆ నూనెతో నాన్నకు గారెలు వండింది. ఆయన తృప్తిగా తిని, నూనె భలే కమ్మగా ఉందన్నారు.

"అలాగాండి?" అంది అమ్మ, మజ్జిగన్నం కలుపుకుంటూ.