జములమ్మ పట్టిన పందికొక్కులు

పెద్దమందడి చుట్టుపక్కల వేరుశనగ వేసిన రైతులందరికీ జములమ్మ కావాలి. చేలో పందికొక్కులు పడ్డాయని కబురందితే చాలు, బోనులు తీసుకుని బయల్దేరుతుంది.

ఒకరోజు ఆమె ఇంటి ముందు జీపు ఆగింది. హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకుడు శ్రవణ్ కుమార్ దిగి, తనకు ఎలుకలు, చుంచులు, పందికొక్కులు ప్రాణాలతో కావాలన్నాడు.

"ఏం జేస్తరు సారూ, పెంచుకుంటరా?"

"పరీక్ష చేస్తామమ్మా. బయటి దేశంలో ఉడుతల్లో కుష్టు క్రిమి దొరికింది. మన దగ్గర ఇట్లాంటి చిన్న జంతువుల్లో ఉందో లేదో చూడాలి."

ఆ మాట వినగానే ఆమె భర్త జంగయ్య అరుగు మీంచి లేచాడు. "గీ పని బందు పెట్టవే. నాకంటుకుంటది!"

జములమ్మ వింటేగా! శ్రవణ్ ఇచ్చిన గ్లవుజులు తొడుక్కుని వారం తిరక్కుండా బోనులన్నీ నింపింది. జీపులో ఒక పందికొక్కు తప్పించుకుంటే డ్రైవరు బానెట్ ఎక్కి కేకలు పెట్టాడు. ఆమె గోనెసంచి కప్పి దాన్ని పట్టేసింది.

వెళ్లేముందు శ్రవణ్ ఆ జబ్బు గుర్తులు చెప్పాడు: ఒంటిమీద పాలిపోయిన మచ్చ, అక్కడ ముట్టుకున్నా తెలియకపోవడం. జములమ్మకు భర్త వీపు మీది మచ్చ గుర్తొచ్చింది. సాయంత్రం అతను అన్నం తింటుంటే వెనక చేరి చీపురుపుల్లతో మచ్చ మీద గుచ్చింది. జంగయ్య తాపీగా పప్పు కలుపుకుంటున్నాడు. పక్కన గుచ్చగానే ఎగిరిపడ్డాడు.

"ఏందే, పరాచికమా?"

"ఇంతకుముందు మచ్చ మీద గూడ గుచ్చిన. తెల్వలే?"

జంగయ్య చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ చూసి కుష్టేనని తేల్చింది. "పరేషాన్ కావద్దు. గోళీలు ఆపకుండా వాడితే నయమైతది."

"ఎలుకలతోనే వచ్చిందా మేడం?" అన్నాడు జంగయ్య, భార్యను ఓరగా చూస్తూ.

"ఎక్కువగా మనిషి నుంచి మనిషికే వస్తది. బయటపడేందుకు ఏండ్లు పడ్తది. ఎక్కడ అంటిందో ఎవరు చెప్పగలరు?"

ఇంటికి రాగానే జంగయ్య తన మంచం కొట్టంలోకి మార్చాడు. జములమ్మ దాన్ని బరబరా ఈడ్చుకొచ్చి యథాస్థానంలో వేసింది.

"మందు మొదలైతే ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ జెప్పలే? ఇన్నేండ్లు పక్కల పండి ఇప్పుడు ఉరుకుతవా?"

జంగయ్య నవ్వబోయి ఏడ్చేశాడు.

గోళీల కోర్సు పూర్తయ్యేసరికి మచ్చకు మళ్లీ ఒంటి రంగు రాసాగింది. ఆ రోజుల్లోనే శ్రవణ్ ఫోను చేశాడు. పట్టిన జంతువుల్లో దేనిలోనూ ఆ క్రిమి కనబడలేదట. అయినా ఒక్క ఊరితో తేలదనీ, తిమ్మాజిపేటలో కూడా పట్టాలనీ చెప్పి, వస్తారా అని అడిగాడు. జములమ్మ నోరు తెరిచేలోగా జంగయ్య ఫోను లాక్కున్నాడు.

"వస్తం సారూ. ఇద్దరం వస్తం."