దర్జీ యూసుఫ్ పథ్యం

పందొమ్మిది వందల నలభై ఎనిమిది. పోలీసు చర్య ముగిసి కొన్ని వారాలే అయింది. సికింద్రాబాద్‌లో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాలో కూడా పరుపులు వేశాం. జిల్లాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, జ్వరాలవాళ్లు, దెబ్బలవాళ్లు అందరూ అక్కడే. సెలవు అడగడం మేం ఎప్పుడో మానేశాం. ఆ రోజుల్లోనే బోయిగూడ నుంచి దర్జీ యూసుఫ్ వచ్చాడు.

యాభై దాటిన మనిషి. కుట్టుమిషను తొక్కుతుంటే ఇనుము గీసుకుని కుడికాలి బొటనవేలు పుండయింది. అది నల్లబడుతోంది. ఆయనకు డయాబెటిస్. వాళ్లింట్లో చక్కెర బీమారి అనేవారు. అప్పట్లో మేము బెనెడిక్ట్ టెస్ట్ చేసేవాళ్లం. నీలం రంగు మందులో మూత్రం చుక్కలు వేసి మరిగిస్తే, చక్కెర ఉన్నప్పుడు పచ్చబడుతుంది. మరీ ఎక్కువైతే ఇటుక రంగుకు తిరుగుతుంది. యూసుఫ్‌ది నీలంగానే ఉండిపోయింది.

"చూసినవా సిస్టరమ్మా? చక్కెర పోయింది," అన్నాడు గర్వంగా. ఆ నాలుగు మాటలకే ఆయాసపడ్డాడు. దుప్పటి కింద ఎముకలు తప్ప ఏమీ లేవు.

సంగతి ఆయన భార్య రహీమాబీ చెప్పింది. సీతాఫల్‌మండిలో ఎవరో కాకరకాయ రసం, మజ్జిగ తప్ప ఇంకేదీ ముట్టొద్దన్నారట. అన్నం, రొట్టె, పప్పు, మాంసం అన్నీ మానేశాడు. వానలు మొదలైనప్పటి నుంచి అదే తిండి.

పెద్ద డాక్టరు పుండు చూసి నన్ను పక్కకు పిలిచాడు. "ఒంట్లో కండ లేదు. తినకపోతే ఇది మానదు. నలుపు పైకి పాకితే కాలు తీసేయాల్సిందే." ఇన్సులిన్ దొరకడమే కష్టంగా ఉన్న కాలం. ఈయనకు దానితో పని లేదన్నాడు. డైట్ రాశాడు. డైట్ అంటే పస్తు కాదు, మితంగా అన్నీ తినడం: జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, కొంచెం మాంసం. తీపి మాత్రం వద్దు.

పళ్లెం తీసుకెళితే యూసుఫ్ గోడవైపు తిరిగాడు.

"జెర రొట్టె తుంచు, సాబ్."

"వద్దమ్మా. తింటే టెస్టు మళ్ల ఎర్రగైతది."

"కాలు పోతే మిషనెట్ల తొక్కుతవు?"

దుప్పటి కాలిమీదికి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా తమ్ముడు బీదర్ దిక్కున్నడు. ఉన్నడో లేడో ఖబర్ లేదు. బయట ఏదీ నా చేతుల లేదు సిస్టరమ్మా. ఈ నోరొక్కటే నా చేతుల ఉన్నది."

పళ్లెం వెనక్కి తీసుకెళ్లాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత బతిమాలే ఓపిక కూడా మిగల్లేదు. పళ్లెం స్టూలు మీద పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లాను.

వెనక చెంబు పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే రహీమాబీ నేలమీద ఉంది. గోడకు ఆనించి కూర్చోబెట్టి, పంచదార నీళ్లు పట్టించాను.

"ఏం తిన్నవమ్మా?"

"ఆయన తిన్నదే."

"ఎప్పటి సంది?"

"ఆయన షురూ చేసినప్పటి సంది. ఆయన ముంగట నేను బువ్వెట్ల తింట?"

యూసుఫ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "నువ్వు తింటున్నవనే అనుకున్న గదనే!" అన్నాడు. పళ్లెం ఒళ్లోకి లాక్కుని, రొట్టె తుంచి సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నమలడం చూశాకే తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత టెస్ట్ పచ్చబడింది. ఆయన హడలిపోయాడు. డాక్టరు రొట్టె కొంచెం తగ్గించాడే గాని మాన్పించలేదు. పుండులో నలుపు ఆగి, నెమ్మదిగా మానే ఎరుపు కనిపించింది. రెండు వేళ్లు తీసేయక తప్పలేదు, కాలు దక్కింది. భార్య భుజం పట్టుకుని ఇంటికి నడిచి వెళ్లాడు. అప్పటికీ తమ్ముడి ఖబర్ రాలేదు.

కొన్నేళ్లకు జాకెట్టు కుట్టించుకోవడానికి వాళ్ల దుకాణానికి వెళ్లాను. అదే జబ్బున్న ఒకాయన అడుగుతున్నాడు. "ఏం తిని బతికినవు మాస్టర్? జెర చెప్పు."

"అన్నీ తిన్న. కొంచెం కొంచెం."

దాస్తున్నాడనుకుని ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ ముఖాన్ని తర్వాత వార్డులో ఎన్నిసార్లు చూశానో. ఏదో ఒకటి పూర్తిగా మానేయమంటే జనం నమ్ముతారు. అన్నీ మితంగా తినమంటే ఇదీ ఒక వైద్యమేనా అన్నట్టు చూస్తారు. చెప్పీ చెప్పీ అలసిపోయాను.

యూసుఫ్ కేసు నాకు ఒక అలవాటు నేర్పింది. రిటైరయ్యేదాకా, పథ్యం పట్టిన ప్రతి రోగి పక్కన కూర్చున్న భార్యను కూడా ఏం తిన్నావని అడిగేదాన్ని. చాలామంది జవాబు చెప్పేముందు భర్త వంక చూసేవారు.