రేపల్లె బండి దిగి బస్సు దాకా

మా మేడమ్ పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే బాపట్ల నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా. కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు," అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు కంటే అలసటే ఎక్కువ వినిపించింది. నాకూ వెంటనే ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ముందు నా గుండె తేలికపడింది. చాన్నాళ్ళుగా ఉన్న జబ్బు మేడమ్‌ని ఎంత బాధపెట్టిందో వెళ్ళినప్పుడల్లా చూసినదాన్ని. చివరికి నొప్పి తెలియకుండా వెళ్ళారన్న ఒక్క మాటే పట్టుకుని బాపట్ల బయల్దేరాను.

తెనాలి స్టేషన్ దగ్గర రైళ్ళనీ బస్సుల్నీ ఒక్కచోట కలిపిన కొత్త ఆవరణ పనికి పెద్ద ఇంజినీరు మా మేడమ్. నేను ఆవిడ దగ్గర చేరిన కొత్తదాన్ని. మాది పొన్నూరు. చదువయ్యాక నాకదే మొదటి ఉద్యోగం. ఆవిడది రేపల్లె దగ్గర నగరం అనే ఊరి పక్కన పల్లె. కాలేజీ రోజుల్లో రేపల్లె దాకా బస్సు, అక్కణ్ణుంచి తెనాలికి బండి, మళ్ళీ బస్సు. "నా చదువులో సగం పరుగులోనే అయింది," అని నవ్వేవారు.

మేము గీసిన మొదటి ప్లాను ఇప్పటికీ నాకు గుర్తే. ముందువైపు పెద్ద అద్దాల గోడ, దాని వెనక అందమైన మెట్లు. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"బావుంది. మరి దీంట్లో బియ్యం మూట ఎక్కడమ్మా?" అన్నారు.

మాకు అర్థం కాలేదు. మర్నాడు ఆవిడే బజారు నుంచి ఓ బియ్యం మూట తెప్పించి నా భుజానికెత్తారు. నా పక్కన పనిచేసే అబ్బాయికి ఇనప పెట్టె ఇచ్చారు. "మీరిప్పుడు రేపల్లె బండి దిగారు. పొన్నూరు బస్సెక్కాలి. పదండి," అన్నారు. స్టేషన్‌లో అప్పటికే ఉన్న మెట్ల వంతెన సగం ఎక్కేసరికి నాకు రొప్పు వచ్చేసింది. మూట దింపి కూలబడ్డాను. గొడుగేసుకుని మా వెనకే వస్తున్న మేడమ్ ఆగారు.

"ఏంటమ్మాయ్, బస్సెళ్ళిపోతోంది."

"నావల్ల కాదు మేడమ్."

"సరే. మరి మీ అమ్మమ్మని ఏ ధైర్యంతో ఎక్కమన్నావ్ నీ మెట్లు?"

ఆ సాయంత్రమే ప్లాను మార్చాం. మెట్లు ఎక్కే పని లేకుండా, పట్టాల కింద నుంచి ఏటవాలుగా సాగే దారి, దాని చివర బస్సులు. ఆ బియ్యం కూలీల వంటకి వెళ్ళాయి. "ముందు నడవండి, తర్వాత గీయండి," అనేవారు ఆవిడ. కొత్తగా ఎవరు చేరినా వాళ్ళకీ మూట మోత తప్పేది కాదు.

మేడమ్‌కి కోపం ఎక్కువే. సిమెంటు పని సరిగ్గా లేకపోతే అరిచేవారు, ఆ తర్వాత తిట్లు తిన్న మనిషికే మజ్జిగ పంపేవారు. చీరాల నేత చీరలు తప్ప కట్టేవారు కాదు. పునాది గుంటల్లోకి దిగేటప్పుడు కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మా చెయ్యి పట్టుకోకుండా దిగేవారు. స్టేషన్ ముందు ఆటోవాళ్ళు "మా పొట్ట కొడతారా?" అని గొడవకొస్తే, "బస్సెళ్ళని ఊళ్ళకి మీరు కాక ఎవరు తీసుకెళ్తారు అన్నయ్యా?" అని కూర్చోబెట్టి, ఆవరణ లోపలే వాళ్ళకి చోటు గీసి చూపించారు. అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఒకాయన చివరిదాకా ఆవిడతో మాట్లాడలేదు.

నేను మరిచిపోలేనిది మాత్రం ఆ వానరోజు.

పట్టాల కింద దారి కోసం, పట్టాలున్న మట్టిగట్టు పక్కనే పెద్ద గుంట తవ్వి ఉంది. చుట్టూ ఇనప రేకులు దిగ్గొట్టి మట్టిని ఆపాం. తుఫాను పట్టి ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. తెల్లారి మేడమ్ గట్టంతా నడిచి చూస్తూ ఒకచోట ఆగారు. పట్టాల పక్కనే, వాటితో సమానంగా, సన్నటి పగులు. వేలు కూడా పట్టదు. ఆవిడ వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ లైను మీద బండ్లు ఆపించేశారు. రేపల్లె బండి ఊరి బయటే నిలిచిపోయింది.

కాసేపటికి పైనుంచి ఫోన్. ఆవిడ మాటలు మాత్రమే నాకు వినిపించాయి. "చిన్న పగులే సార్... అవునండి, ఇబ్బందే... నాది పొరపాటైతే రేపు మెమో ఇవ్వండి. ఇవాళ మాత్రం బండి వద్దు."

ఈలోగా ఆగిన బండి దిగి జనం వానలోనే నడిచి వచ్చారు. వాళ్ళలో ఒకాయన కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా మా మీదకొచ్చాడు. "మా అమ్మాయి పరీక్షండీ! మీ గుంట కోసం బండాపుతారా? ఎవరు ఆపింది?"

"నేనేనండి ఆపించింది," అన్నారు మేడమ్. "తిట్టాలంటే నన్నే తిట్టండి. కానీ ఆ గట్టు మీదకి బండిని రానివ్వలేను." అలా అంటూనే డ్రైవర్ని కేకేసి, తండ్రీకూతుళ్ళని తన జీపులో పరీక్షకి పంపేశారు.

తర్వాత ఎదురుచూడటమే. పొద్దెక్కింది, వాన తగ్గింది, గట్టు చెక్కుచెదరలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు. నాకే అనుమానం వచ్చేసింది. ఆ సంగతి మొహంలో కనబడిందేమో, మేడమ్ నా వైపు తిరిగి మెల్లగా అన్నారు: "ఏమీ జరక్కపోతేనే బావుణ్ణమ్మా. నన్ను పిరికిదనుకున్నా ఫర్వాలేదు."

మధ్యాహ్నం భోజనాల వేళకి గట్టు జారింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడిసిన మట్టి బరువుగా ఒక్కసారి గుంటలోకి దిగిపోయింది. కింద ఆధారం లేక రెండు పట్టాలూ బట్టలారేసే తీగల్లా గాల్లో వేలాడాయి. గుంటలో ఎవరూ లేరు. పొద్దున్నే అందర్నీ పైకి రప్పించారు ఆవిడ. పట్టాల మీద బండి లేదు.

మేడమ్ అక్కడే ఇసక బస్తా మీద కూర్చుండిపోయారు. "అమ్మయ్య," అన్నారు. టీ తెచ్చిస్తే గ్లాసు పక్కన పెట్టి, పైకొచ్చిన కూలీల్ని ఒక్కొక్కర్నీ లెక్కపెట్టుకున్నారు.

సాయంత్రం ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. గట్టు దాకా వెళ్ళి వేలాడే పట్టాల్ని చూసొచ్చాడు. "అమ్మాయి పరీక్ష రాసిందండి," అన్నాడు.

"ఎలా రాసిందిట?"

"బానే రాశానందండి."

"అమ్మయ్య," అన్నారు మేడమ్ మళ్ళీ. ఈసారి నవ్వారు.

గట్టు మళ్ళీ కట్టుకుని, పని ముందుకి సాగించాం. అది పూర్తికాకముందే జబ్బు బయటపడి ఆవిడ సెలవు పెట్టి బాపట్లలో చెల్లెలింటికి వెళ్ళిపోయారు. ప్రారంభానికి రాలేదు. తను కట్టించిన దారి చూడకుండానే పోతారేమోనని మేమంతా లోలోపల భయపడుతూనే ఉన్నాం. ప్రారంభం హడావిడి సద్దుమణిగాక ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, మామూలు ప్రయాణికురాలిలా చెల్లెలితో బండి దిగారు. నాకు మాత్రం ఫోన్ చేసి రమ్మన్నారు. చక్రాల కుర్చీలో ఆవిడని ఏటవాలు దారిలో నేనే తోసుకెళ్ళాను. పెద్దగా బలం పెట్టాల్సిన పనే లేకపోయింది. చుట్టూ జనం సంచులతో, పిల్లలతో, ఫోన్లలో మాట్లాడుకుంటూ వెళ్ళిపోతున్నారు. మేడమ్ అందరి మొహాల్లోకీ చూస్తున్నారు.

"ఎవరూ ఈ దారి గురించి ఆలోచించట్లేదు చూశావా," అన్నారు సంతోషంగా. "తల దించుకుని మెట్లు చూసుకునే పని లేదు వీళ్ళకి."

పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే బస్సు పక్కనే ఆగి ఉంది. కండక్టరు వచ్చి చెయ్యి అందిస్తే, ఒక్కసారికి కాదనకుండా పట్టుకుని ఎక్కారు. ఆ తర్వాత తెనాలి రాలేదు.

ఆ మంగళవారం అంత్యక్రియలయ్యాక బాపట్లలో రైలెక్కి సాయంత్రానికి తెనాలిలో దిగాను. ఇంటికెళ్ళాలనిపించక ఆ దారి పక్కన నిలబడ్డాను. రేపల్లె బండి వచ్చింది. గుంపులో ఒక నాన్న, భుజం మీద నిద్రపోతున్న చిన్న పాప. పాప చెయ్యి అతని వీపు మీద అటూ ఇటూ ఊగుతోంది. అతను కిందికి దిగాడు, పట్టాల కింద నుంచి నడిచాడు, అవతల పైకి వచ్చాడు, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పాప తల ఒళ్ళోకి మార్చుకుని, మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోశాడు. బస్సు కదిలింది. పాప నిద్ర లేవలేదు.