కట్టు కట్టిన కాలు

1968 వేసవి చివర్లో నన్ను కోటబొమ్మాళికి దగ్గర్లోని ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ప్రభుత్వ వైద్యుల్లో అది అడుగుమెట్టు. పైనున్న జిల్లా మెడికల్ ఆఫీసరుగారికి మా ఆసుపత్రి తనిఖీ రోజుల్లోనే గుర్తొచ్చేది.

పొలాల్లో గంటల తరబడి నిలబడే మనుషులు కాలి నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, చీలమండ దగ్గర పుండు పడి మా దగ్గరికి వచ్చేవారు. ఆపరేషన్ అంటే విశాఖపట్నం పోవాలి. నేను నేర్చుకొచ్చిన పద్ధతికి కత్తి అక్కర్లేదు. ఉబ్బిన నరంలోకి సన్నటి సూదితో మందు ఎక్కిస్తే లోపలి గోడలు అతుక్కుని అది మూసుకుపోతుంది. వెంటనే పాదం నుంచి తొడ దాకా బిగుతుగా క్రేప్ బ్యాండేజి చుట్టి రోగిని నడిపించాలి. ఆ తర్వాతా రోజూ నడవాలి. కదలకుండా పడుకుంటే లోతు నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. సూది చిన్నదే గాని వైద్యం చిన్నది కాదు.

సూరమ్మ అనే నలభై దాటిన రైతు మనిషి ఆ పుండుతోనే వచ్చింది. అక్కడివాళ్ళు ఉబాలనే వరినాట్లు దగ్గర పడుతున్నాయి. "కత్తెట్టకుండా అయితాదంటే సేసీ బాబూ. ఉబాలకి నాను నిలబడాల" అంది. సూది వేసి, కట్టు కట్టి, వరండాలో నడిపించాను. సూది పొడిచి నడవమనే డాక్టర్ని ఎక్కడా చూడలేదని నవ్వింది. రోజూ నడవమని చెప్పాను, సరేనంది. ఆమె భర్త అప్పలసామి బయట బండి కడుతున్నాడు. అతన్ని లోపలికి పిలవాలని నాకు తోచలేదు.

వారం తిరక్కుండా అదే బండిలో పడుకోబెట్టి తెచ్చాడు. కాలు కట్టుని దాటి వాచిపోయింది. పెదాలు నల్లబడి ఎగశ్వాస పీలుస్తోంది. మొదటి రోజు నూతి దాకా నడిచిందట. అక్కడి ఆడవాళ్ళు అప్పలసామిని పట్టుకుని, "అంత కట్టు కట్టినదాన్ని తిప్పుతన్నావు, నువ్వు మనిసివేనేటి?" అన్నారట. లోకులు కాకులంటారు. ఆ కాకులకి జడవని మొగుడు ఆ ఊళ్ళో లేడు. మంచం వాల్చాడు. అతని అక్క వచ్చి, పథ్యం వండి, బాలింతని చూసినట్టు కాలు కింద పెట్టనివ్వలేదు. డాక్టరు నడవమన్నాడని సూరమ్మ చెప్పిందట. "డాటర్లు అలాగే సెప్తారు, నువ్వు తొంగో" అందట ఆడపడుచు.

ఆక్సిజన్ పెట్టాం. గడ్డ పెరక్కుండా ఆపే మందు మా స్టోరులో లేదు. విశాఖకి పంపడానికి కారు కోసం మనిషిని పంపాను. కారు రాకముందే సూరమ్మ పోయింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియలేదు.

అప్పలసామి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "పెళ్ళయిన కాడి నుండీ అది పగలు తొంగున్నది నేదు బాబూ. ఇన్నాళ్ళకి తొంగోబెట్టినాను. అందుకే పోనాదేటి?" అని అడిగాడు.

గడ్డకట్టడానికి చాలా కారణాలుంటాయన్నాను. అది అబద్ధం కాదు గాని అతను అడిగినదానికి జవాబూ కాదు.

ఆ సూది మానేద్దామనుకున్నాను. మానలేదు, నడిచినవాళ్ళకి పుండ్లు మానుతూనే ఉన్నాయి. నడవమని రోగికి చెప్పి పంపేయడం మాత్రం మానేశాను. సూది చేత పట్టకముందే ఇంటివాళ్ళని లోపలికి పిలిచి, పడుకోబెడితే చచ్చిపోతుందని ఆ మాటతోనే చెప్పేవాణ్ణి. నోటి దురుసు డాక్టరని పేరొచ్చింది. రిటైరయ్యేదాకా ఆ పేరు పోగొట్టుకోలేదు.